కౌన్సెలింగ్ గదిలో ఏం జరుగుతుంది, ఏం జరగదు

(సమాఖ్య వార్షికోత్సవ సభలో కుటుంబ సంక్షేమ బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



కార్యక్రమ పత్రికలో మా ప్రసంగానికి ‘కుటుంబ సంక్షేమం’ అని పేరు పెట్టినారు. ఇదేదో ఆపరేషన్ల గురించి అనుకొని కొందరు అన్నలు టీ తాగేదానికి లేస్తున్నారు. కూర్చోండన్నా. మేము చెప్పబోయేది కౌన్సెలింగ్ గురించి. ఒక్కరే పోయే కౌన్సెలింగ్, ఆలూమగలు ఇద్దరూ కలిసి పోయే కౌన్సెలింగ్. ఆ గదిలోకి పోతే ఏం జరుగుతుంది, ఏం జరగదు, అంతే.

మేము డాక్టర్లం కాము. మా ఎనిమిది మందిలో ఇద్దరు బడి టీచర్లు, ఒకామె రిటైరైన నర్సమ్మ, మిగిలినవాళ్లం మగ్గం గుంట పక్కన ఉయ్యాలలో పెరిగినవాళ్లమే. మన ఇళ్లవాళ్లు కోలారు జిల్లా ఆస్పత్రికో, టమకలో మెడికల్ కాలేజీ ఆస్పత్రికో, బెంగళూరు నిమ్హాన్స్‌కో పోవాల్సి వస్తే తోడు పోవడం మా పని. చీటీ రాయిస్తాము, బయట బెంచీ మీద కూర్చుంటాము. ఆ బెంచీ మీద నేర్చుకున్నది, అక్కడి డాక్టర్లను అడిగి తెలుసుకున్నది ఇప్పుడు చెప్తాము. మధ్యలో ఒక ఇంటి సంగతి చెప్తే అది ఏ ఒక్క ఇంటిదీ కాదు, నాలుగైదు ఇళ్లది కలిపి చెప్పింది. మీ పక్కింటి వాళ్లేమో అని లెక్కలు వేయొద్దు.

కౌన్సెలింగ్ అనే మాట మనకు కొత్తది కాదు. చిక్కంతా అక్కడే ఉంది. పిల్లోడు పీయూసీ అయితే సీఈటీ కౌన్సెలింగ్, అంటే సీటు. పేపర్లో ‘తాగి బండి నడిపిన యువకులకు పోలీసుల కౌన్సెలింగ్’, అంటే చీవాట్లు. విడాకుల కేసు వేస్తే కోర్టులో కౌన్సెలింగ్, అంటే రాజీ పడతారా పడరా అని అడిగేది. ఈ మూడూ చూసినవాళ్లకు ‘మీ ఇంటాయన్ని కౌన్సెలింగ్‌కు తీసుకుపొండమ్మా’ అంటే ఏం అర్థమవుతుంది? ‘గట్టిగా బుద్ధి చెప్పే డాక్టర్ని చూడండి’ అని మమ్మల్ని అడిగిన తల్లులు ఎంతమందో. తీరా పోయి వచ్చినాక, ‘ఆయమ్మ ఏమీ చెప్పలేదు, ఊరికే అవీ ఇవీ అడిగి పంపించేసింది’ అంటారు. రెండోసారి పోరు. మాతో వచ్చి మధ్యలో మానేసినవాళ్లలో ఎక్కువమంది ఆ మొదటి రోజే మానేసినవాళ్లు. అందుకే ఈ సభలో చప్పట్లు పడే విషయం వదిలి దీన్ని పట్టుకున్నాము.

ఇంకో కారణం కూడా ఉంది. మనకు మన పంచాయితీ ఉంది. గుడి అరుగు మీద పెద్దమనుషులు కూర్చుంటారు, రెండు పక్కలవాళ్లూ చెప్పుకుంటారు, తప్పు ఎవరిదో తేలుస్తారు, చేతులు కలిపించి ఇంటికి పంపుతారు. మేము దాన్ని తీసిపారేసేవాళ్లం కాము. ఖర్చు లేదు, మన భాషలో జరుగుతుంది, ఆ రోజుకారోజే తేలుతుంది. పొలం గట్టు తగాదా, అన్నదమ్ముల పంపకం, మగ్గం అడ్వాన్సు గొడవ, వీటికి అది సరిపోతుంది. అయితే కౌన్సెలింగ్ గదిలో తీర్పు చెప్పేవాళ్లు ఉండరు. తప్పెవరిదని తేల్చరు. ‘సార్, మీరే చెప్పండి, న్యాయమా ఇది?’ అని అడిగితే, ‘మీకు ఏమనిపించింది?’ అని తిరిగి మిమ్మల్నే అడుగుతారు. ఇది ముందే తెలిస్తే కోపం రాదు. తెలియకుండా పోతే, ఇంతదూరం వచ్చింది ఇందుకా అనిపిస్తుంది.

ఇప్పుడే ఎందుకు ఇంత అవసరం వచ్చింది అంటే, మన ఇళ్లు మారిపోయినాయి. మగ్గం ఆడిన ఇంట్లో ఆయన మగ్గం మీద, ఆమె రాట్నం దగ్గర, తెల్లారింది మొదలు దీపాలు పెట్టేదాకా ఒకే గదిలో ఉండేవాళ్లు. జరీ బాకీ, పిల్ల ఫీజు, అత్తమ్మ మోకాళ్ల నొప్పి, అన్నీ ఆ నాడె చప్పుడులోనే మాట్లాడుకునేవాళ్లు. ఎదురెదురుగా కూర్చొని, మొహం చూసుకొని మాట్లాడింది తక్కువ. చేతిలో పని ఉంటేనే మనకు నోట్లో మాట వస్తుంది. 2001 ఫిబ్రవరి 28న కేజీఎఫ్ గనులు మూసేసినారు. జీతాల రోజు రాబర్ట్‌సన్‌పేట బజారు ఎట్లుండేదో చూసినవాళ్లు ఈ సభలో ఉన్నారు, ఆ తర్వాత ఎట్లయిందో కూడా చూసినారు. ఒక పక్క గనులు పోయినాయి, ఇంకో పక్క మరమగ్గం పోటీకి చేతిమగ్గం కూలి గిట్టుబాటు కాలేదు. ఇప్పుడు ఆయన మారికుప్పంలోనో బంగారుపేటలోనో చీకటితో రైలెక్కి బెంగళూరులో సెక్యూరిటీ డ్యూటీకి పోతాడు. ఆమెనో, కూతుర్నో నరసాపుర ఫ్యాక్టరీ బస్సు వచ్చి ఎక్కించుకుపోతుంది. ఒకరు ఇంటికొచ్చే పొద్దుకు ఇంకొకరు నిద్రలో ఉంటారు. ఆదివారం ఒక్కరోజు ఇద్దరూ ఇంట్లో ఉంటే ఏం మాట్లాడాలో తెలియదు, మాట్లాడితే గొడవ. ఇది వాళ్ల గుణం చెడి వచ్చింది కాదని మా అభిప్రాయం. మాట జరిగే చోటు పోయింది, అంతే.

సరే, గదిలోకి పోదాము. ముందు ఒక్కరే పోయే కౌన్సెలింగ్.

ఆస్పత్రిలో మీకు నాలుగు రకాల మనుషులు కనిపిస్తారు. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చదివి ఆ పైన మానసిక వైద్యం చదివిన డాక్టర్, మందులు రాసేది ఆయనో ఆమెనో. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, మాటలతో చికిత్స చేస్తారు, భారత పునరావాస మండలి దగ్గర వాళ్లకు రిజిస్ట్రేషన్ ఉండాలి. సైకియాట్రిక్ సోషల్ వర్కర్ మీ ఇల్లు, పని, అప్పు, చుట్టాలు అన్నీ కలిపి చూస్తారు. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకునేవాళ్లలో బాగా చదివినవాళ్లూ ఉంటారు, పది రోజుల కోర్సు చేసినవాళ్లూ ఉంటారు. ‘మీరేం చదివినారు, ఎక్కడ చదివినారు?’ అని అడగడం తప్పు కాదు. అడిగితే కోపం చేసుకునేవాళ్ల దగ్గరకు మళ్లీ పోవద్దు.

మొదటి రోజు మాట్లాడేది ఎక్కువగా వాళ్లు కాదు, మీరు. కూర్చునేది ముప్పావు గంటో, గంటో. ఎందుకు వచ్చినారు, ఎప్పటినుంచి, నిద్ర ఎట్లుంది, తిండి ఎట్లుంది, ఒంట్లో వేరే జబ్బులున్నాయా, తాగుడుందా, ఇంట్లో ఇంకెవరికైనా ఇట్ల ఉందా, చిన్నప్పుడు ఇల్లు ఎట్లుండేది, ఇట్ల అడుగుతూ పోతారు. థైరాయిడ్ కోసం, రక్తం తక్కువేమో అని పరీక్ష రాయొచ్చు. ‘నేను మనసు బాగాలేదని వస్తే రక్తం ఎందుకు తీస్తారు’ అని ఒకామె మాతో పోట్లాడింది. థైరాయిడ్ తగ్గినా దిగులు, నీరసం వస్తాయి, అది తేల్చుకోవాలి కదమ్మా.

ఒక ప్రశ్నకు మన మగవాళ్లు ఉలిక్కిపడతారు. ‘చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?’ అని నేరుగా అడుగుతారు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనవాళ్ల భయం. పుట్టదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ మాటే చెప్తుంది, అడగడం వల్ల ముప్పు పెరగదు, చెప్పుకునే దారి దొరుకుతుంది. సిరిసిల్ల వైపు నేత ఇళ్లలో ఆత్మహత్యల వార్తలు మనం ఎన్ని ఏండ్లుగా చదువుతున్నామో మీకు తెలుసు. కారణం అప్పు అని రాస్తారు. అప్పు నిజమే. కౌన్సెలింగ్ ఆ అప్పు తీర్చదు, ఆ మాట ఇక్కడే చెప్పేయాలి. కౌన్సెలర్ బ్యాంకులో మాట్లాడి వడ్డీ తగ్గించలేడు. మరి ఏం చేస్తాడంటే, ఆ మనిషి ఈ నెల దాటేటట్టు చూస్తాడు. ఎంత అప్పుందో ఇంట్లో పెళ్లానికి చెప్పే ధైర్యం వచ్చేదాకా పక్కన ఉంటాడు. మాకు తెలిసినంతలో చానా ఇళ్లలో ఆ లెక్క ఆమెకు తెలిసేది వడ్డీవాడు గడపలోకి వచ్చిన రోజే.

‘చెప్పింది బయటికి పోతుందా?’ ఇది అందరూ అడిగేదే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం మీ సంగతి గుట్టుగా ఉంచాలి. మీ అత్తకు, మీ మేస్త్రీకి, మా బృందానికి కూడా చెప్పకూడదు. అయితే మినహాయింపులున్నాయి. మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పుంటే, కోర్టు అడిగితే, అవసరమైనంత వరకు చెప్తారు. మంచి కౌన్సెలర్ ఈ హద్దులు మొదటి రోజే వివరిస్తారు. వివరించకపోతే మీరే అడగండి. అదే చట్టం 115వ సెక్షన్ ఇంకో మాట చెప్తుంది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, అట్ల కాదని రుజువైతే తప్ప శిక్షించకూడదు. పోలీసు కేసవుతుందేమో అని మనిషిని ఆస్పత్రికి తీసుకుపోకుండా ఇంట్లోనే ఉప్పునీళ్లు తాగించి కక్కించిన సంగతులు మేము విన్నాము. దయచేసి ఆ పని చేయొద్దు.

రెండోసారి, మూడోసారి పోయేటప్పటికి పని మొదలవుతుంది. ఇంటికి పని ఇస్తారు. రాత్రి ఎన్నింటికి పడుకున్నావు రాయి, కోపం వచ్చినప్పుడు దానికి ముందు ఏం జరిగిందో రాయి, రోజూ పది నిమిషాలు నడువు, ఇట్లాంటివి. చదువు రాకపోతే ఫోన్లో రికార్డు చేసుకోమంటారు. ఇదేం వైద్యం అని నవ్వొద్దు. పడుగులో ఎక్కడ పోగు తెగిందో తెలియకుండా నేత ముందుకు పోదు కదా, వాళ్లు వెతికేది కూడా అదే. వారానికి ఒకసారి చొప్పున ఆరు నుంచి పన్నెండు సార్లు అని మామూలుగా చెప్తారు. కొందరికి మూడు సార్లలో తేలికవుతుంది, కొందరికి ఏడాది పడుతుంది. మధ్యలో ఒకసారి ముందుకంటే ఎక్కువ ఏడుపొస్తుంది. దాచిపెట్టింది కదిలినప్పుడు అట్లనే ఉంటుంది, దానికి భయపడి మానేయొద్దు. మందులు అందరికీ ఇవ్వరు. ఇస్తే, బాగైంది కదా అని మీ అంతట మీరు ఆపొద్దు.

తాగుడు గురించి ఒక్క మాట, ఇది ప్రాణం మీదికొచ్చే సంగతి. రోజూ పొద్దున లేస్తూనే తాగే మనిషిని ‘రేపటినుంచి చుక్క ముట్టనని ఒట్టేయ్’ అని గుళ్లో ఒట్టేయించి ఒకేసారి మాన్పించొద్దు. రెండు మూడు రోజుల్లో చేతులు వణికి, లేనివి కనిపించి, ఫిట్స్ కూడా రావచ్చు. అది దెయ్యం కాదు, ఒంటికి మందు అందక వచ్చేది. డాక్టర్ దగ్గర మందులతో మాన్పించాలి, ఆ తర్వాతే కౌన్సెలింగ్. నిమ్హాన్స్‌లో దీనికి వేరే విభాగమే ఉంది.

ఇక ఇద్దరూ కలిసి పోయేది. నిజం చెప్పాలంటే మాకు ఎక్కువ కష్టమయ్యేది దీనికి ఒప్పించడమే. ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అని సామెత ఎదురొస్తుంది. ఆ పైన, ‘తప్పు ఆమెది, నేనెందుకు రావాలి’ అని ఆయన. ‘ఆయనొస్తేనే నేనొస్తా’ అని ఆమె.

ఇద్దరూ పోతే మొదటిసారి మామూలుగా ఇద్దర్నీ కలిపి కూర్చోబెడతారు. ఎట్ల కలిసినారు, పెండ్లి ఎట్లయింది, బాగున్న రోజులు ఎట్లుండేవి అని అడుగుతారు. గొడవ చెప్పుకుందామని వచ్చినవాళ్లకు ఈ ప్రశ్న వింతగా ఉంటుంది. తర్వాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతారు, మళ్లీ కలిపి. విడిగా చెప్పిన మాటను రెండోవాళ్ల ముందు పెడతారా పెట్టరా అన్నది ఒక్కో కౌన్సెలర్‌ది ఒక్కో పద్ధతి. కొందరు ‘నాకు చెప్పింది ఆమెకు చెప్పను’ అంటారు. కొందరు ‘ఇద్దరికీ సంబంధించిన రహస్యం నా దగ్గర దాచమంటే నేను పని చేయలేను’ అంటారు. నోరు తెరవకముందే ఇది అడిగి తెలుసుకోండి. తర్వాత ‘నన్ను ఇరికించినారు’ అనే మాట రాదు.

లోపల చేయించే పనుల్లో ఒకటి మాకు ఒక డాక్టరమ్మ వివరంగా చెప్పింది. ఒకరు రెండు నిమిషాలు మాట్లాడాలి. రెండోవాళ్లు జవాబు చెప్పకూడదు. విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి, ‘నువ్వు చెప్పింది ఇది, సరిగ్గా విన్నానా?’ అని. వినడానికి చిన్నపిల్లల ఆటలాగుంది. మా బృందంలో మేము మేమే చేసి చూసినాము, సంఘం చందా లెక్కల గురించి. అర నిమిషం కాకముందే ముగ్గురు జవాబు మొదలుపెట్టినారు. పదిహేనేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నవాళ్లకు ఇది ఇంకెంత కష్టమో ఆలోచించండి. చేతిలో పని లేకుండా మాట రాదని ముందు చెప్పినాము కదా, ఆ ఇబ్బంది ఉంటే ఆ సంగతే కౌన్సెలర్‌కు చెప్పండి. ఇంట్లో ఇద్దరూ కలిసి చిక్కుడుకాయలు ఒలుస్తూ మాట్లాడుకోండి అని ఒక జంటకు ఇంటిపని ఇచ్చినారట. మాకు అది బాగా నచ్చింది.

గొడవ దేనిమీద వచ్చిందో దాన్ని వాళ్లు పెద్దగా పట్టించుకోరు. కేజీఎఫ్‌లో ఉన్నవాళ్లకు రాక్‌బర్స్ట్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. అడుగున రాయి తీసిన చోట ఖాళీ, పైన కొండంత బరువు, ఏండ్ల తరబడి ఒత్తిడి చేరి ఒకనాడు పేలేది, పైన లైన్ ఇళ్లల్లో గిన్నెలు అదిరేవి. పప్పులో ఉప్పు ఎక్కువైందని కంచం విసిరిన రోజు కూడా అట్లాంటిదే. కౌన్సెలర్ ఉప్పు గురించి అడగరు. ఎన్నేండ్లుగా ఏం చేరిందని అడుగుతారు. పిల్లలు పుట్టలేదని ఆమెను ఒక్కదాన్నే డాక్టర్ల చుట్టూ తిప్పిన సంగతి ఉండొచ్చు. పుట్టింటికి పంపిన డబ్బు ఉండొచ్చు. పడక సంగతి ఉండొచ్చు, అది కూడా అడుగుతారు, సిగ్గుపడితే ‘తర్వాత చెప్తాను’ అనొచ్చు.

అమెరికాలో జాన్ గాట్‌మన్ అనే ఆయన ఏండ్ల తరబడి జంటలను కూర్చోబెట్టి వాళ్ల మాటలు గమనించినాడు. ఆయన లెక్కలో ఆలూమగల తగాదాల్లో సుమారు 69 శాతం ఎన్నటికీ పూర్తిగా తీరనివి. ఒకరిది ఖర్చు చేయి, ఒకరిది పొదుపు చేయి, అది చచ్చేదాకా అట్లనే ఉంటుంది. బాగున్న జంటలకూ అవే తగాదాలుంటాయి, ఎగతాళి లేకుండా మాట్లాడుకుంటారు, అంతే తేడా. ఎదుటి మనిషిని చులకన చేసి మాట్లాడటం అన్నిటికంటే చెడ్డ గుర్తు అంటాడాయన. ఇది విన్నప్పుడు మా బృందంలోని పెద్దామె, ‘మా ఇంట్లో చులకన లేకుండా సాంబారు కూడా పొయ్యి దిగదు’ అనింది. నవ్వినాము గానీ ఆ మాట మనసులో ఉండిపోయింది.

అత్తమామల సంగతి. మన దేశంలో ఆలూమగలంటే ఇద్దరే కాదని మన డాక్టర్లకు తెలుసు. 1950లలోనే అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో విద్యాసాగర్ అనే డాక్టర్ రోగుల ఇంటివాళ్లను ఆస్పత్రి ఆవరణలో డేరాలు వేయించి ఉంచి, వాళ్లను వైద్యంలో కలుపుకున్నాడు. నిమ్హాన్స్‌లో కుటుంబాలతో, జంటలతో మాట్లాడేదానికి ప్రత్యేకంగా ఒక కేంద్రమే ఉంది. అవసరమైతే అత్తమ్మను వాళ్లే పిలుస్తారు. పిలిచేదాకా అత్తమ్మ మాతో బెంచీ మీద ఉండాలి. తలుపు సందులో చెవి పెట్టకూడదు. ఇది నవ్వులకు చెప్పడం లేదు, జరిగింది.

ఒకరు రాకపోతే? ఒక్కరే పొండి. ఇద్దరి బండిలో ఒక చక్రం తిన్నగా తిరిగినా కొంత మార్పు వస్తుంది. ‘నీ వల్లనే’ అని తీసుకుపోవద్దు, ‘నాకు నిద్ర పట్టడం లేదు, నాకు తోడు రా’ అని అడిగితే వచ్చిన మగవాళ్లు ఉన్నారు.

కౌన్సెలింగ్‌కు పోతే ఇద్దరూ తప్పకుండా కలిసిపోతారని మేము మాట ఇవ్వము. కొందరు నాలుగు సార్లు పోయి, విడిపోవడమే మేలని తేల్చుకున్నారు. కొట్లాట లేకుండా, పిల్లల్ని మధ్యలో పెట్టి లాగకుండా విడిపోయినారు. దాన్ని ఓటమి అనే పెద్దలున్నారు. మేము అనుకోము. కోర్టు కౌన్సెలింగ్ దారి వేరు. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం 9వ సెక్షన్ ప్రకారం జడ్జి ముందు రాజీకి ప్రయత్నించాలి కాబట్టి అక్కడ రాజీ గురించే అడుగుతారు. ఆస్పత్రిలో ఆ తొందర ఉండదు.

ఇప్పుడు చెప్పేది పెద్దమనుషులు కాస్త మనసు పెట్టి వినాలి. దెబ్బలున్న ఇంటికి ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టే కౌన్సెలింగ్ పనికిరాదు. గదిలో ఆమె నోరు తెరిచి నిజం చెప్తే, ఇంటికి పోయినాక దానికి కూడా దెబ్బలు పడతాయి. అందుకే మంచి కౌన్సెలర్లు ముందు ఆమెతో విడిగా మాట్లాడి, భయం ఉందా అని అడుగుతారు. ఉంటే కలిపి కూర్చోబెట్టరు. 2005 గృహహింస చట్టం కింద మెజిస్ట్రేట్ కౌన్సెలింగ్‌కు పంపొచ్చు, కానీ ఆ నిబంధనల్లోనే, కొట్టినందుకు సమర్థన చెప్పుకునే చోటుగా దాన్ని వాడకూడదని రాసినారు. మన అరుగు మీద జరిగేది ఏమిటి? ‘ఎందుకు కొట్టినావయ్యా’ అని అడుగుతాము, ఆయన కారణం చెప్తాడు, ఆ కారణం మీద గంట చర్చ జరుగుతుంది, చివరికి ‘సర్దుకుపో తల్లీ’ అంటాము. సర్దుకుపోయిన తల్లి మళ్లీ మూడు నెలలకు పై పంటి ఖాళీతో వస్తే అందరం తల దించుకుంటాము. సమాఖ్యను మేము అడిగేది ఒక్కటే. దెబ్బల సంగతి వస్తే పంచాయితీ పెట్టొద్దు. ముందు ఆమెను, పిల్లల్ని భద్రమైన చోటికి చేర్చండి. 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది, ప్రాణభయమైతే 112 ఉంది, జిల్లాలో రక్షణ అధికారి ఉంటారు. ఈ తీర్మానం ఈ ఏడాదైనా సర్వసభ్య సమావేశంలో పెట్టండి. రెండేండ్లుగా అడుగుతున్నాము.

ఎక్కడికి పోవాలి అన్నది. దగ్గరిలో అంటే కోలారు శ్రీ నరసింహరాజ జిల్లా ఆస్పత్రి, మానసిక విభాగం. తాలూకా ఆస్పత్రులకు మానసిక డాక్టర్ వచ్చే ‘మనోచైతన్య’ కార్యక్రమం మన రాష్ట్రంలో ఉంది, మంగళవారాలని పేరు. మీ తాలూకాలో ఏ రోజు వస్తారో ఫోన్ చేసి పొండి, ఒక రోజు కూలి పోగొట్టుకొని పోయినాక ‘ఈ రోజు రారు’ అంటే మళ్లీ పోబుద్ధి కాదు. బెంగళూరు హోసూరు రోడ్డులో నిమ్హాన్స్. అక్కడ కొత్తవాళ్లకు ముందు స్క్రీనింగ్ చేస్తారు, వివరంగా మాట్లాడేది ఇంకో రోజు పడొచ్చు, అన్నం కట్టుకొని పొండి. బెంగళూరులో ప్రైవేటుగా ఒక గంటకు వెయ్యి రూపాయలకు పైన అడిగేవాళ్లే ఎక్కువ. అంత పెట్టగలిగితే మంచిదే, పెట్టలేకపోతే వైద్యం లేదనుకోవద్దు.

కదలలేనివాళ్లకు టెలీమానస్ ఉంది. 14416. 2022 అక్టోబరులో మొదలైంది, ఇరవై నాలుగు గంటలూ, ఖర్చు లేదు. తెలుగులో కావాలంటే తెలుగు, కన్నడలో కావాలంటే కన్నడ. భాష సంగతి చిన్నది కాదమ్మా. మన పిల్లలు కన్నడలో చదువుకుంటారు, బజారులో తమిళం మాట్లాడతారు, ఏడుపొస్తే తెలుగులోనే వస్తుంది. నిమ్హాన్స్‌కు ఆంధ్రా నుంచి చానామంది వస్తారు కాబట్టి తెలుగు మాట్లాడే డాక్టర్ దొరికే వీలుంది, చీటీ దగ్గరే అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని ఊరుకోవద్దు.

ఇంక మిగిలింది, పెండ్లి సంబంధాల భయం. ‘పిచ్చాస్పత్రి మెట్లెక్కింది అంటే పిల్లకు సంబంధం రాదు’ అంటారు. నిమ్హాన్స్ ఒకప్పుడు మెంటల్ హాస్పిటలే, దాన్ని 1974లో శిక్షణ సంస్థతో కలిపి ఇప్పటి పేరు పెట్టినారు. జబ్బులేని మామూలు మనుషులు, నిద్ర పట్టనివాళ్లు, పరీక్షల భయం ఉన్న పిల్లలు, గొడవపడే జంటలు పోయేదానికి బీటీఎం లేఅవుట్‌లో ఒక సంక్షేమ కేంద్రాన్ని వేరేగా కూడా పెట్టినారు, ఆస్పత్రి గేటు దాటడానికి మొహమాటపడేవాళ్ల కోసం. అయినా మొహమాటం పోలేదు. మా లెక్కలో చూస్తే, కౌన్సెలింగ్‌కు పోయినందుకు తప్పిన సంబంధాలు మాకు రెండు తెలుసు. పోనందుకు పెండ్లి అయినాక బయటపడి ఇద్దరి బతుకూ చెడిన సంబంధాలు అంతకు ఎన్నో రెట్లు తెలుసు. ఏది పెద్ద నష్టమో కూతుళ్లున్నవాళ్లు తూచుకోండి.

మాకిచ్చిన టైము అయిపోయిందని కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. భోజనాల షెడ్డు పక్కన, చీరల స్టాలు వెనకాల మేము సాయంత్రం అయిదింటి దాకా కూర్చొని ఉంటాము. ఏ ఆస్పత్రిలో ఏ రోజు ఎవరు చూస్తారో రాసిన కాగితాలు తెలుగులో, కన్నడలో ఉన్నాయి, తీసుకుపొండి. మీ కోసం కాకపోయినా ‘మా చుట్టాలామె కోసం’ అని అడగండి, ఎవరా చుట్టాలామె అని మేము అడగము. పేరు రాసుకోము. తోడు కావాలంటే ఫోన్ నంబరు ఒక్కటి ఇస్తే చాలు, వచ్చే మంగళవారం బంగారుపేట వైపు పోయేవాళ్లం ముగ్గురం ఉన్నాము.